ఓడల మేస్త్రి లవ్‌జీ వాడియా

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• లవ్‌జీ వాడియా జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• వాహనాలను పరిమాణాన్ని బట్టి తరగతులుగా ఎందుకు విడదీస్తారో చెప్పగలుగుతారు.
• పాత పద్ధతిలో ఓడ టన్నులను లెక్కకట్టగలుగుతారు.
• ఎక్కువగా తయారయ్యే వాహనం అన్నిటికంటే పెద్దదై ఉండనవసరం లేదని ఉదాహరణలతో చూపగలుగుతారు.

1. పరిచయం

బస్టాండు దగ్గర ఒక పావుగంట నిలబడి రోడ్డు మీద పోయే బండ్లను గమనించండి. ఆటో, జీపు, కారు, మినీ లారీ, పది టైర్ల లారీ వరుసగా కనిపిస్తాయి. ఎవరూ నేర్పకుండానే మీరు వాటిని చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మనసులో వేరుచేస్తారు. ప్రభుత్వం, వ్యాపారులు కూడా ఇదే పని చేస్తారు. కాని వాళ్ళకు కంటి అంచనా సరిపోదు, కొలత కావాలి. మన దేశంలో 2006 బడ్జెట్‌లో చిన్న కారుకు ఒక హద్దు గీశారు. పొడవు 4 మీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోలుదైతే 1200 సి.సి., డీజిలుదైతే 1500 సి.సి. దాటకూడదు. ఈ హద్దు లోపలి కార్లకు పన్ను తగ్గించారు.

మోటారు బండ్లు రాకముందు దూరదేశాలకు సరుకు మోసిన పెద్ద వాహనం ఓడ. ఓడలకు కూడా ఇలాంటి తరగతులు ఉండేవి. వాటిని గురించి తెలుసుకోవాలంటే సూరత్ వెళ్ళాలి. సూరత్ పేరు మీకు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన ఎన్నో నేత కుటుంబాలు అక్కడ పవర్‌లూముల మీద బతుకుతున్నాయి. వాళ్ళు వెళ్ళడానికి చాలాకాలం ముందే ఆ ఊరు బట్టలకు, ఓడలకు పేరు పొందింది. ఆ ఊరి ఓడల మేస్త్రి ఒకరి జీవితాన్ని ఇప్పుడు చదువుదాం.

2. సూరత్ రేవు

సూరత్ తాపీ నది ఒడ్డున ఉంది. మొగలుల కాలంలో అది పశ్చిమ తీరంలో పెద్ద రేవు. ఎర్రసముద్రంలోని మోఖా, జెడ్డా రేవులకు సరుకులు, హజ్ యాత్రికులు ఇక్కడినుంచే బయలుదేరేవారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది.

అయితే తాపీ నదిలో లోతు తక్కువ. పెద్ద ఓడలు ఊరిదాకా రాలేక నదీముఖం దగ్గర సువాలీలో లంగరు వేసేవి. అక్కడినుంచి చిన్న పడవలు సరుకును ఊళ్ళోకి చేర్చేవి. దీన్నిబట్టి ఓడ పరిమాణం ఎందుకు ముఖ్యమో మీకు అర్థమై ఉంటుంది. ఏ ఓడ ఏ రేవులోకి రాగలదు, ఎంత సరుకు మోయగలదు, ఎంత సుంకం కట్టాలి అన్నవి పరిమాణం మీదే ఆధారపడతాయి.

ఆ కాలంలో పశ్చిమ తీరంలో తిరిగిన రెండు రకాల ఓడలను చూడండి. గురాబు అనేది తెరచాపల ఓడ. రెండు కొయ్యల గురాబు సుమారు 150 టన్నులు, మూడు కొయ్యలది సుమారు 300 టన్నులు ఉండేది. కొయ్య అంటే ఇక్కడ తెరచాపలు కట్టే స్తంభం. గల్లివాటు ఇంకా చిన్నది. ఎంత పెద్దదైనా 70 టన్నులు దాటడం అరుదు. తెరచాపలతోపాటు 40, 50 తెడ్లు ఉండేవి కనుక గాలి లేనప్పుడు కూడా కదిలేది. మన కోస్తాలో తెప్ప, దోనె, పడవ, ఓడ అని వేరువేరు పేర్లు వాడడం కూడా ఇలాంటి వర్గీకరణే.

పాఠ్యగత ప్రశ్న 1
పెద్ద ఓడలు సువాలీలో ఎందుకు ఆగేవి?

3. బాల్యం, పని

లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా 1702లో సూరత్ దగ్గరి సిగన్‌పూర్ గ్రామంలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించాడు. వాడియా అనే ఇంటిపేరు ఓడలు కట్టే వృత్తినుంచి వచ్చింది. ఆయన సూరత్‌లో ధన్‌జీభాయి అనే పెద్ద మేస్త్రి దగ్గర పనిచేసి, ఆ ఓడల కార్ఖానాలో వడ్రంగులకు పైమేస్త్రి అయ్యాడు.

సూరత్ వడ్రంగుల పనితనంలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది టేకు. యూరప్‌లో ఓడలు కట్టే ఓక్ కలపలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె మేకులను కాపాడుతుంది, కలపను చివకనివ్వదు. అందుకే టేకు ఓడలు ఎక్కువకాలం మన్నేవి. రెండవది అతుకు. పలకలను ఊరికే పక్కపక్కన పేర్చకుండా, ఒకదాని అంచు మరొకదాని గాడిలో కూర్చునేలా చెక్కేవారు. దానివల్ల నీరు సులభంగా లోపలికి రాదు.

4. బొంబాయి పిలుపు

లవ్‌జీకి ముప్పయి ఏళ్ళు దాటేసరికి సూరత్ పరిస్థితి మారింది. మొగల్ అధికారం బలహీనపడింది. ఊళ్ళో అధికారం కోసం కలహాలు జరిగాయి. వర్తకుల ఓడలు తగ్గిపోసాగాయి. ఈస్టిండియా కంపెనీ తన ముఖ్య కార్యాలయాన్ని 1687లోనే బొంబాయికి మార్చుకుంది. అక్కడ లోతైన సహజ రేవు ఉంది. కాని ఓడలు కట్టే నేర్పరులు లేరు, కలప లేదు.

1735లో కంపెనీ తరఫున డడ్లీ అనే అధికారి ఒక ఓడ కట్టించడానికి సూరత్ వచ్చాడు. ధన్‌జీభాయికి పని అప్పగించాడు. పని జరుగుతుండగా లవ్‌జీ నేర్పు ఆయన కంటపడింది. బొంబాయి వస్తే మంచి స్థానం ఇస్తామన్నాడు. లవ్‌జీ వెంటనే ఒప్పుకోలేదని, తన యజమాని అనుమతి దొరికిన తరువాతే కదిలాడని చెబుతారు. ఆయన నిర్ణయం ఎంత కష్టమైనదో ఆలోచించండి. ఒకవైపు పుట్టిన ప్రాంతం, పని నేర్పిన చోటు. మరొకవైపు తెలియని ఊరు, పరాయి దొరల కొలువు. సూరత్‌లోనే ఉంటే చేతినిండా పని దొరుకుతుందన్న నమ్మకమూ తగ్గుతున్న రోజులవి.

1736లో ఆయన కొద్దిమంది వడ్రంగులను వెంటబెట్టుకొని బొంబాయి చేరాడు. కంపెనీ మొదట ఆయనకు అప్పగించిన పని ఓడ కట్టడం కాదు, కలప సంపాదించడం. ఆయన ఉత్తరాదికి వెళ్ళి, అడవి ప్రాంతాల పెద్దలతో మాట్లాడి టేకు సరఫరాకు ఏర్పాటు చేశాడు. తిరిగి వస్తూ సూరత్‌నుంచి కుటుంబాన్ని కూడా తీసుకువచ్చాడు. కలప వచ్చే దారి లేనిదే ఎంత నేర్పరి అయినా ఓడ కట్టలేడు. ఈ విషయం గుర్తుంచుకోండి.

పాఠ్యగత ప్రశ్న 2
టేకు ఓడలు ఎక్కువకాలం మన్నడానికి కారణం ఏమిటి?

5. పొడి రేవులు

సముద్రంలో తిరిగే ఓడ అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టుకుంటాయి. కొయ్యను తొలిచే పురుగులు చేరతాయి. అప్పుడప్పుడు దాన్ని నీటినుంచి బయటపెట్టి బాగుచేయాలి. చిన్న ఓడను ఒడ్డుకు లాగి పక్కకు వాల్చవచ్చు. పెద్ద యుద్ధనౌకకు ఆ పద్ధతి ప్రమాదకరం. దానికి పొడి రేవు కావాలి.

పొడి రేవు అంటే రాతితో కట్టిన పెద్ద గుంట. దానికి సముద్రం వైపు తలుపులు ఉంటాయి. పోటు సమయంలో ఓడను లోపలికి తెచ్చి ఆధారాల మీద నిలుపుతారు. ఆటు సమయంలో నీరు తీసి తలుపులు మూస్తారు. బొంబాయిలో ఆటుపోట్ల తేడా ఎక్కువ కనుక ఈ పద్ధతి అక్కడ బాగా కుదిరింది. 1750లో లవ్‌జీ ఆధ్వర్యంలో అక్కడ మొదటి పొడి రేవు సిద్ధమైంది. ఆసియాలో ఇదే మొదటిదని చెబుతారు. 1762లో రెండవది, 1765లో మూడవది వచ్చాయి.

బొంబాయి పేరు దీనివల్ల పెరిగింది. హిందూ మహాసముద్రంలో దెబ్బతిన్న ఓడ యూరప్ దాకా పోకుండానే ఇక్కడ బాగుపడేది. కంపెనీ బలం కూడా అదే లెక్కన పెరిగింది. పనితనం మనది, ఓడలు కంపెనీవి. ఈ రెండు మాటలనూ మనం కలిపి గుర్తుంచుకోవాలి.

6. టన్నుల లెక్క, ఫిరంగుల లెక్క

ఓడ పరిమాణాన్ని ఎలా కొలిచేవారు? టన్ను అనే మాట మొదట బరువును సూచించలేదు. సారాయి నింపే పెద్ద పీపాను ఆ పేరుతో పిలిచేవారు. ఎన్ని పీపాలు పడితే అన్ని టన్నుల ఓడ. తరువాత దీన్ని ఒక సూత్రంగా మార్చారు. 1773లో బ్రిటిష్ చట్టం ఈ సూత్రాన్ని ఖాయం చేసింది.

పొడవులోనుంచి వెడల్పులో అయిదింట మూడు వంతులు తీసివేయాలి. వచ్చినదాన్ని వెడల్పుతోను, తరువాత వెడల్పులో సగంతోను గుణించాలి. చివరకు 94తో భాగించాలి. కొలతలు అడుగుల్లో ఉండాలి.

ఉదాహరణ: పొడవు 100 అడుగులు, వెడల్పు 30 అడుగులు. 30లో అయిదింట మూడు వంతులు 18. 100లోనుంచి 18 పోతే 82. 82 × 30 × 15 = 36,900. దీన్ని 94తో భాగిస్తే సుమారు 392 టన్నులు.

ఈ సూత్రంలో ఒక లోపం ఉంది, గమనించారా? ఓడ లోతును కొలవలేదు. వెడల్పులో సగమే లోతు అని అనుకున్నారు. అందువల్ల బ్రిటన్‌లో కొందరు ఓడలను సన్నగా, లోతుగా కట్టించారు. సరుకు ఎక్కువ పట్టేది, సుంకం తక్కువ పడేది. కాని అలాంటి ఓడ సముద్రంలో సరిగా నడవదు. 1830లలో కొత్త పద్ధతి వచ్చేదాకా ఇది సాగింది. నేటి కార్లలో కూడా ఇది చూడవచ్చు. పన్ను హద్దు 4 మీటర్లు కనుక ఎన్నో కార్లను దానికి ఒక్క సెంటీమీటరు లోపే ఉండేలా తయారుచేస్తారు. హద్దు ఎక్కడ గీస్తామో వాహనం రూపం అక్కడికి ఒదుగుతుంది.

యుద్ధనౌకలను ఫిరంగుల సంఖ్యను బట్టి ఆరు తరగతులుగా విడదీసేవారు. 1800 ప్రాంతంలో 100, అంతకు మించి ఫిరంగులు ఉంటే మొదటి తరగతి. 90 నుంచి 98 వరకు రెండవది. 64 నుంచి 80 వరకు మూడవది. 50 నుంచి 60 వరకు నాలుగవది. 32 నుంచి 44 వరకు అయిదవది. 20 నుంచి 28 వరకు ఆరవది.

వరుస కట్టి పోరాడే పెద్ద యుద్ధనౌకల్లో అన్నిటికంటే ఎక్కువగా కట్టినవి ఏవో ఊహించండి. మొదటి తరగతివి కావు. మూడవ తరగతిలోని 74 ఫిరంగుల ఓడలు. మొదటి తరగతి ఓడకు ఖర్చు, కలప, మనుషులు విపరీతంగా కావాలి. మరీ చిన్న ఓడ యుద్ధంలో ఎదురు నిలవలేదు. 74 ఫిరంగులది ఈ రెండింటికీ మధ్య కుదిరింది. మన దేశంలో 1983 నుంచి 2014 వరకు తయారై, చాలా ఏళ్ళపాటు అమ్మకాల్లో ముందున్న మారుతి 800ను తలచుకోండి. అది పెద్ద కారు కాదు. కొనేవాడి స్తోమతకు, అవసరానికి మధ్య కుదిరిన కారు.

పాఠ్యగత ప్రశ్న 3
పొడవు 80 అడుగులు, వెడల్పు 20 అడుగులు ఉన్న ఓడ ఎన్ని టన్నులు? అది ఏ రకం గురాబుకు దగ్గరగా ఉంది?

7. చివరి రోజులు, వారసత్వం

లవ్‌జీ 1774లో మరణించాడు. దాదాపు 38 ఏళ్ళు కంపెనీ పనిలో ఉన్నా ఆయన కూడబెట్టింది తక్కువ. ఒక ఇల్లు, ఇరవై వేల రూపాయలకు లోపు సొమ్ము మాత్రమే మిగిల్చాడని చెబుతారు. లక్షల విలువైన కలప ఆయన చేతుల మీదుగా నడిచిందని గుర్తుంచుకుంటే ఈ మాట విలువ తెలుస్తుంది.

పని మాత్రం ఆగలేదు. కొడుకులు మానెక్‌జీ, బొమన్‌జీ ఆయన స్థానంలోకి వచ్చారు. మనుమడు జంషెడ్‌జీ బొమన్‌జీ కాలంలో ఆ కుటుంబం బ్రిటిష్ నౌకాదళానికే పెద్ద ఓడలు కట్టింది. 1810లో మిండెన్, 1813లో కార్న్‌వాలిస్ నీటిలోకి దిగాయి. రెండూ 74 ఫిరంగుల ఓడలే. చైనాను ఓడించిన తరువాత 1842లో బ్రిటిష్‌వారు నాన్‌కింగ్ సంధి మీద సంతకాలు చేయించింది కార్న్‌వాలిస్ ఓడ మీదనే. 1817లో దిగిన ట్రింకోమలీ ఇంకా నీటి మీద తేలుతూనే ఉంది. దాన్ని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో చూడవచ్చు. భారతదేశంలో కట్టిన ఓడలు తమ పనికి పోటీ అవుతున్నాయని లండన్ ఓడల యజమానులు అభ్యంతరం చెప్పేదాకా వచ్చింది.

ఆ వంశంలోనే పుట్టిన అర్దేషీర్ కర్సెట్‌జీ ఆవిరి ఓడల ఇంజనీరు అయ్యాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే.

మన తీరానికి కూడా ఈ చరిత్రలో భాగం ఉంది. పదిహేడవ శతాబ్దంలో నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో యూరపు వర్తకులు ఓడలు కట్టించుకున్నారు. గోదావరి ముఖంలోని కోరంగి కూడా ఓడలకు పేరు పొందింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను దాన్ని ధ్వంసం చేసింది. విశాఖపట్నంలో గుజరాతీ పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1941లో ఓడల కార్ఖానా మొదలుపెట్టాడు. అక్కడ కట్టిన జల ఉష 1948లో నీటిలోకి దిగింది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అది.

8. మీరు ఏమి నేర్చుకున్నారు?

• లవ్‌జీ వాడియా సూరత్‌లో పని నేర్చి, 1736లో బొంబాయి చేరి, ఓడల కార్ఖానాను నిలబెట్టాడు.
• వాహనాల తరగతులు రేవు, సుంకం, అవసరం అనే కారణాల వల్ల ఏర్పడ్డాయి.
• కొలిచే పద్ధతి వాహనం రూపాన్ని కూడా మారుస్తుంది.
• ఎక్కువగా తయారయ్యేది ఖర్చుకు, అవసరానికి మధ్య కుదిరిన వాహనం.

9. పాఠాంత ప్రశ్నలు

1. బొంబాయి వెళ్ళే ముందు లవ్‌జీ ఏయే విషయాలు ఆలోచించి ఉంటాడు? మీ మాటల్లో పది వాక్యాలు రాయండి.
2. మీ ఊరి రోడ్డు మీద ఒక గంటలో వెళ్ళిన బండ్లను మూడు తరగతులుగా విడదీసి లెక్కించండి. మీరు ఏ కొలతను హద్దుగా తీసుకున్నారో, ఎందుకో రాయండి.

పాఠ్యగత ప్రశ్నల జవాబులు

1. తాపీ నదిలో లోతు తక్కువ కనుక.
2. టేకులోని నూనె ఇనుప మేకులను కాపాడుతుంది, కలపను చివకనివ్వదు.
3. 20లో అయిదింట మూడు వంతులు 12. 68 × 20 × 10 = 13,600. 94తో భాగిస్తే సుమారు 145 టన్నులు. రెండు కొయ్యల గురాబుకు దగ్గరగా ఉంది.