కనబడలేదంటే పోయినట్టు కాదు

తిరుపతిలోనో, చిత్తూరులోనో, మదనపల్లెలోనో మీరు బీటెక్ చదువుతుంటే, మొదటి ఏడాది సీ ల్యాబ్‌లో డెన్నిస్ రిచీ మీకు తెలియకుండానే పరిచయమై ఉంటారు. ఆ భాష ఆయన తయారుచేసిందే. అయితే ఉద్యోగంలో చేరాక ఆయన పనిలోని ఇంకో పాఠమూ మీకు అక్కరకొస్తుంది. సర్వర్‌లో నిన్నటి ఫైళ్లు ఇవాళ కనబడకపోతే ఎక్కడ వెతకాలన్నదే ఆ పాఠం.

రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివిన రిచీ కూడా 1967లో అక్కడే చేరారు. రెండేళ్లకే, అందరూ ఆశ పెట్టుకున్న మల్టిక్స్ ప్రాజెక్టు నుంచి ఆ సంస్థ తప్పుకుంది. చేతిలో ఉన్న పని ఆగిపోతే మీరైతే ఏం చేస్తారు? ఆయన సహచరుడు కెన్ థాంప్సన్ పెద్దగా వాడకంలో లేని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద కొత్త పని మొదలుపెట్టారు, రిచీ చెయ్యి కలిపారు. అలా యూనిక్స్ పుట్టింది. 1973లో దాని కెర్నల్‌ను సీలో తిరగరాశారు.

1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లో లోపాలు చెప్పడానికంటూ ఓ శీర్షిక ఉండేది. ప్రాజెక్టు రిపోర్టులో మనం దాచిపెట్టేదాన్ని వాళ్లు బాహాటంగా రాసుకున్నారన్నమాట!

మౌంట్ కూడా ఆ తొలినాళ్లదే. అంటే వేరే డిస్క్‌ను ఓ డైరెక్టరీ మీద కూర్చోబెట్టడం. అది ఉన్నంతసేపూ ఆ డైరెక్టరీలో అంతకుముందున్న ఫైళ్లు అందవు. కానీ చెరిగిపోవు, అన్‌మౌంట్ చేస్తే మళ్లీ వస్తాయి. మన తిరుమల ఆలయంలోనే అన్నమయ్య రాగిరేకులు తరాల తరబడి ఓ అరలో ఉండిపోయాయి. లోకానికి కనబడలేదు కానీ, పోలేదు కదా!

తర్వాత రిచీ నడిపిన బృందం 1995లో ప్లాన్ 9 అనే సిస్టమ్‌ను విడుదల చేసింది. అందులో ఒకే పేరు కింద కొన్ని డైరెక్టరీలను దొంతరగా పేర్చవచ్చు. ఇదే తరహా ఆలోచన ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ రూపంలో 2014లో లైనక్స్‌లోకి వచ్చింది. ఇవాళ డాకర్ కంటైనర్లు ఎక్కువగా దానిమీదే నడుస్తున్నాయి.

ఓవర్‌లేలో కింది పొరను ఎవరూ ముట్టుకోరు. ఫైల్‌ను మార్చితే దాని కాపీ పై పొరలోకి వస్తుంది. తీసేస్తే, అది లేదని చెప్పే గుర్తు పై పొరలో పడుతుంది. అందుకే కింది ఫైల్‌ను ఎన్నిసార్లు దిద్దినా మార్పు కనబడట్లేదంటే, పై పొరలో పాత కాపీ కూర్చుని ఉందేమో చూడండి. ఏ పొర ఎక్కడుందో ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్ చెబుతుంది. ఇంకో చిక్కు: డిస్క్ నిండిందని డీఎఫ్ అంటుంది, డీయూతో లెక్కేస్తే అంత ఉండదు. మౌంట్ కింద ఫైళ్లు దాగి ఉండొచ్చు. రూట్‌ను వేరేచోట బైండ్ మౌంట్ చేస్తే, నడుస్తున్న సర్వీసు ఆపకుండానే అవి కనబడతాయి. ఇదంతా చూడకుండా కంగారుపడి ఫార్మాట్ కొట్టారంటే, అప్పుడు నిజంగానే పోతాయి.

రిచీకి 1983లో థాంప్సన్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2011 అక్టోబరులో, స్టీవ్ జాబ్స్ పోయిన వారానికే ఆయన మరణవార్త తెలిసింది. జాబ్స్ గురించి లోకమంతా మాట్లాడుకుంది, రిచీ గురించి తెలిసినవాళ్లే మాట్లాడుకున్నారు. కానీ జాబ్స్ అమ్మిన మ్యాక్ లోపల నడిచేదీ యూనిక్స్ సంతతే.

ఈ వారం ల్యాబ్‌లో రెండు డైరెక్టరీలు పెట్టుకుని ఓవర్‌లే చేసి చూడండి. ఎక్కడ తప్పిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో అడిగితే, చదివింది కాదు, చేసి చూసింది చెప్పొచ్చు.