తన మనసునే నిలదీసిన పండితుడు ఇమామ్ గజాలీ (రహ్మలై)

ఒంటికి జబ్బు చేస్తే మనిషి ఇట్టే గుర్తిస్తాడు, వైద్యుని దగ్గరికి పరుగెత్తుతాడు. మనసుకు పట్టిన జబ్బు సంగతి అలా కాదు. గర్విష్ఠి తన గర్వాన్ని ఆత్మగౌరవం అనుకుంటాడు. అసూయపరుడు తన అసూయను న్యాయమైన ఆగ్రహం అనుకుంటాడు. ధర్మకార్యాలు చేసేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎందుకంటే వారు చేసే పని పైకి మంచిదే, లోపలి ఉద్దేశం మాత్రం ఎవరికీ కనిపించదు. ఈ విషయాన్ని తన జీవితాన్నే పణంగా పెట్టి తెలుసుకున్న మహనీయుడు ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మలై).

పేదరికంలో చదువు

ఆయన హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. అది నేటి ఇరాన్‌లో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికే పేదవారు. ఆయన మరణించే ముందు తన ఇద్దరు కొడుకులను ఒక సూఫీ మిత్రునికి అప్పగించారు. ఇచ్చిన కొద్దిపాటి సొమ్ము అయిపోగానే, ఆ మిత్రుడు పిల్లలను తిండి, బస దొరికే మద్రసాకు పంపాడు. తాము మొదట చదువులో చేరింది దైవం కోసం కాదని, పొట్టకూటి కోసమేనని గజాలీ తర్వాతి రోజుల్లో చెప్పేవారని చరిత్రకారులు రాశారు.

యువకునిగా జుర్జాన్‌లో చదువుకుని తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు ఆయన రాతప్రతులను ఎత్తుకుపోయారని కూడా వారు చెబుతారు. వాటిలోనే తన విద్య అంతా ఉందని ఆయన ప్రాధేయపడగా, కాగితాలు పోతే పోయే విద్య ఏం విద్య అని దొంగల నాయకుడు నవ్వి వాటిని తిరిగి ఇచ్చాడట. ఆ మాట ఆయనకు ములుకులా గుచ్చుకుంది. తర్వాత మూడేళ్ళు కూర్చుని ఆ ప్రతులన్నీ కంఠస్థం చేశారు. ఆ పైన నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) శిష్యులై తర్కంలో, ధర్మశాస్త్రంలో ఆరితేరారు.

కీర్తి శిఖరాన కలవరం

1091లో సెల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయానికి ఆచార్యునిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు సుమారు 33 ఏళ్ళు. అక్కడ 300 మంది విద్యార్థులు ఆయన వద్ద చదువుకునేవారు. అంత గౌరవం మధ్య ఒక ప్రశ్న ఆయనను తొలిచివేయసాగింది: ఈ బోధన దైవప్రసన్నత కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా? నిజాయితీగా వెతికితే దొరికిన జవాబు ఆయనను భయపెట్టింది.

పదవి వదలాలని పొద్దున నిశ్చయించుకుంటే, సాయంత్రానికి మనసు వెనక్కి లాగేది. 1095లో దాదాపు ఆరు నెలలు ఈ పెనుగులాట సాగింది. చివరికి పాఠం చెబుదామంటే నోట మాట రాలేదు, అన్నం గొంతు దిగలేదు. ఇది మనసులోంచి పుట్టిన జబ్బని వైద్యులు ఆశ వదులుకున్నారు. అప్పుడు ఆయన నిస్సహాయంగా అల్లాహ్‌ను వేడుకున్నారు. అంతవరకు కొండలా కనిపించిన త్యాగం సులువైంది. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన సంపద పంచిపెట్టి బాగ్దాద్ వదిలి వెళ్ళిపోయారు.

దమస్కస్‌లో సుమారు రెండేళ్ళు ఆరాధనలో, ఆత్మశుద్ధిలో గడిపారు. అక్కడి పెద్ద మస్జిద్ మీనారు ఎక్కి, తలుపు వేసుకుని రోజంతా ఏకాంతంగా ఉండేవారు. బైతుల్ మఖ్దిస్‌ను దర్శించారు, హజ్ చేశారు, తర్వాత స్వస్థలం చేరారు.

మనిషిని గురించి ఏం గ్రహించారు?

ఆ కాలపు ఫలమే 40 భాగాల ‘ఇహ్యా ఉలూముద్దీన్’. పారసీకంలో రాసిన ‘కీమియాయె సఆదత్’లో ఆయన మనిషిని ఒక రాజ్యంతో పోల్చారు. హృదయం రాజు, వివేకం మంత్రి, కోరిక పన్నులు వసూలు చేసే అధికారి, కోపం కొత్వాలు. పన్నులు, కాపలా లేకపోతే రాజ్యం నిలవదు. కాబట్టి కోరికను, కోపాన్ని చంపనక్కరలేదు. అవి సింహాసనం ఎక్కకుండా చూసుకుంటే చాలు.

మరి మన లోపాలు మనకు తెలిసేదెలా? ‘ఇహ్యా’లో ఆయన నాలుగు దారులు చూపారు. ఒకటి, మనసు రోగాలు ఎరిగిన గురువు. రెండు, మొహమాటం లేకుండా చెప్పే నిజమైన మిత్రుడు. మూడు, శత్రువుల నోరు. పొగిడే స్నేహితుని కన్నా తప్పులెన్నే శత్రువు వల్లే ఎక్కువ మేలు కలగవచ్చన్నారు. నాలుగు, ఇతరులలో కనిపించే లోపం తనలో ఉందేమోనని వెతుక్కోవడం. వ్యాపారి భాగస్వామితో లెక్క చూసుకున్నట్లు, మనిషి రోజూ తన మనసుతో లెక్క చూసుకోవాలని కూడా బోధించారు.

ఏకాంతాన్నీ నిలదీశారు

పదకొండేళ్ళ తర్వాత, 1106లో, నైషాపూర్‌లో బోధించమని పిలుపు వచ్చింది. అప్పుడు ఆయన తన ఏకాంతాన్ని కూడా పరీక్షించారు. ఇది భక్తేనా, లేక సుఖానికి, సోమరితనానికి అలవాటు పడటమా అని తరచి చూసుకున్నారు. ఆ తర్వాతే తిరిగి బోధనాపీఠం ఎక్కారు. పైకి అదే పని. కాని పూర్వం పదవిని సంపాదించిపెట్టే విద్య చెప్పారు, ఇప్పుడు పదవీవ్యామోహాన్ని విడిపించే విద్య చెప్పారు.

చివరికి తూస్ చేరి, ఇంటి దగ్గరే విద్యార్థులకు, సాధకులకు బోధిస్తూ హిజ్రీ 505 (క్రీ.శ. 1111 డిసెంబర్)లో పరమపదించారు.

సోదర సోదరీమణులారా! మనలో చాలామందికి నిజామియా లాంటి పీఠం లేకపోవచ్చు. అయినా మన దానం, మన ఉపన్యాసం, చివరికి మన నమాజ్ కూడా ఎవరి మెప్పు కోసమో అడగవలసింది మనమే. ఈ రాత్రి ఇషా తర్వాత కాసేపు కూర్చుని ఈ రోజు లెక్క చూసుకుందాం. ప్రళయదినాన లెక్క అడగక ముందే లెక్క సరిచూసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.