ఐదు కీల బొదో

సి ల్యాబ్‌లో స్నేక్ గేమ్ రాసే ప్రతి ఒక్కరికీ ఈ చిక్కు ఎదురవుతుంది. విండోస్‌లో పై బాణం కీ ఒక్కసారి నొక్కితే గెట్చ్ ఫంక్షన్ రెండు నంబర్లు ఇస్తుంది: ముందు 224, మళ్ళీ పిలిస్తే 72. కానీ పెద్ద హెచ్ అక్షరం నంబరు కూడా 72యే! ముందు 224 వచ్చిందో లేదో చూస్తేనే అది బాణమో హెచ్చో తెలుస్తుంది. ఈ ఉపాయం కంప్యూటర్ కంటే పాతది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే నాకు ఎమిల్ బొదో కనిపించారు.

ఆయన 1845లో ఫ్రాన్స్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టారు. చదువు ప్రాథమిక పాఠశాలతోనే ఆగిపోయింది. 1869లో టెలిగ్రాఫ్ శాఖలో అప్రెంటిస్ ఆపరేటర్‌గా చేరారు. డ్యూటీ అయ్యాక సొంత టైమ్‌లో, ఒకే తీగ మీద చాలామంది వంతులవారీగా సందేశాలు పంపే యంత్రం తయారుచేసి 1874లో పేటెంట్ తీసుకున్నారు. రెండేళ్ళకి ప్రతి అక్షరాన్నీ ఐదు సంకేతాలతో రాసే కోడ్‌కి మారారు. ఎడమ చేతికి రెండు కీలు, కుడి చేతికి మూడు, అంతే కీబోర్డు.

ఐదు కీలతో వచ్చే కలయికలు 32. ఇరవయ్యారు అక్షరాలు, పది అంకెలు, ఆపైన విరామ చిహ్నాలు అందులో పట్టవు కదా. అందుకే బొదో రెండు కోడ్‌లని పక్కన పెట్టారు. అవి కాగితం మీద ఏమీ అచ్చు వెయ్యవు. ఇకమీదట వచ్చేవి అక్షరాలని ఒకటి, అంకెలని ఇంకొకటి యంత్రానికి చెప్తాయి. అంటే ఒక కోడ్‌కి అర్థం దాని ముందు ఏం వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుందన్నమాట.

1877లో పారిస్, బోర్డో మధ్య ఈ యంత్రం పని మొదలుపెట్టింది. మరుసటి ఏడు పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఇంటి దగ్గర మాత్రం సుఖం తక్కువే. ఆరోగ్యం తరచూ దెబ్బతినేది. 1890లో పెళ్లయిన కొన్ని నెలలకే భార్య పోయారు. 1903లో ఆయనా కన్నుమూశారు.

జూనియర్లకి ఒక మాట. గెట్చ్ ఇచ్చేదాన్ని ఇంట్‌లో పెట్టండి. క్యార్‌లో పెడితే మన కంపైలర్లలో మామూలుగా 224 కాస్తా -32 అయిపోయి, పోలిక తప్పుతుంది. 224 వస్తే ఇంకోసారి చదివి, బాణాలని విడిగా చూసుకోండి.

మనం ఆర్డ్యునోలో 9600 అని పెట్టే బాడ్ రేట్‌లో ఉన్నది ఈయన పేరే. డిగ్రీ లేని ఒక ఆపరేటర్ పేరుని ఇంజినీరింగ్ స్టూడెంట్లం రోజూ టైప్ చేస్తున్నాం.