ఆవిరి ఇంజిన్ అంటే జేమ్స్ వాటేనా? గనుల్లో నీళ్లు తోడించిన న్యూకమెన్ గురించి తెలుసా!

ఆవిరి ఇంజిన్ అనగానే మనకు గుర్తొచ్చే పేరు జేమ్స్ వాట్. కానీ వాట్ పుట్టడానికి 24 ఏళ్ల ముందే, అంటే 1712లోనే ఇంగ్లండ్‌లో ఓ ఆవిరి ఇంజిన్ బొగ్గు గనిలోంచి నీళ్లు తోడింది. దాని వెనకున్నది థామస్ న్యూకమెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి.

ఎవరీ న్యూకమెన్?
1664లో డెవన్ ప్రాంతంలోని డార్ట్‌మత్‌లో పుట్టారు. వ్యాపారం చేస్తూనే బాప్టిస్టు సంఘంలో బోధకుడిగా ఉండేవారు. ఆ చుట్టుపక్కల తగరం గనులవాళ్ల కష్టాలు ఆయనకు బాగా తెలుసు.

అసలు సమస్య నీళ్లే
లోతుకు తవ్వేకొద్దీ గనుల్లో నీరు ఊరుతూనే ఉండేది. గుర్రాలతో బకెట్లు లాగించినా తరిగేది కాదు. దీంతో అడుగున బొగ్గు ఉన్నా గని మూసేయాల్సి వచ్చేది. థామస్ సేవరీ 1698లో ఆవిరి పంపుకు పేటెంట్ తీసుకున్నా, లోతైన గనులకు అది పనికిరాలేదు.

ఎలా పనిచేసింది?
జాన్ కాలీతో కలిసి న్యూకమెన్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. సిలిండర్‌లో ఆవిరి నింపి, లోపలే చన్నీళ్లు చల్లారు. ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడగానే, బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగేది. పెద్ద దూలం రెండో కొసకు కట్టిన పంపు రాడ్ పైకి లేచేది. అంతే.. నీళ్లు బయటికి! డడ్లీ దగ్గర పెట్టిన ఇంజిన్ నిమిషానికి 12 సార్లు ఆడుతూ, ఒక్కోసారికి సుమారు 45 లీటర్లు తోడేది. బొగ్గు విపరీతంగా తినేది. అయినా గని దగ్గర బొగ్గుకు కొదవేముంది?

పేరు మాత్రం దక్కలేదు
సేవరీ పేటెంట్ గడువు 1733 వరకు ఉండటంతో ఆయన ఇంజిన్ కూడా దాని కిందికే వచ్చింది. ఈలోపే 1729లో న్యూకమెన్ లండన్‌లో కన్నుమూశారు. ఆయన్ను బన్‌హిల్ ఫీల్డ్స్‌లో పూడ్చిపెట్టినా, సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆయన చిత్రపటం ఒక్కటి కూడా దొరకలేదు. తర్వాత గ్లాస్గోలో న్యూకమెన్ ఇంజిన్ నమూనాను రిపేర్ చేస్తూనే, అందులో ఆవిరి ఎంత వృథా అవుతోందో వాట్ గమనించారు. కొత్త ఇంజిన్‌కు 1769లో పేటెంట్ తీసుకున్నారు.

పంపుల వల్ల గనులు ఇంకా లోతుకు వెళ్లాయి. నీటి గండం మాత్రం పోలేదు. 1975లో ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 370 మందికి పైగా, 2003లో మన గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది కార్మికులు నీళ్లు ముంచెత్తి ప్రాణాలు కోల్పోయారు. న్యూకమెన్ మొదలుపెట్టిన పోరాటం ఇంకా ముగియలేదు.