తరంగాల గానంతో మొదలైన ఘంటసాల సంగీత ప్రస్థానం

తెలుగు చలనచిత్ర సంగీతంలో చిరస్థాయిగా నిలిచిన ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. ఆయనకు తొలి గురువు తండ్రి సూర్యనారాయణ. మృదంగ వాద్యంలోనూ, నారాయణ తీర్థుల తరంగాలను గానం చేయడంలోనూ ఆయన ప్రవీణులు. భజన కార్యక్రమాలకు కుమారుని భుజాలపై ఎక్కించుకుని తీసుకువెళ్లేవారు. తండ్రి తరంగం ఆలపిస్తుండగా బాలుడు లయకు అనుగుణంగా నాట్యం చేసేవాడు. ముచ్చటపడిన గ్రామీణులు ఆ బాలుని బాలభరతుడని పిలిచేవారు.

తరంగ గానంలో రాగతాళాలతోపాటు కథ, అభినయం ఇమిడి ఉంటాయి. రచన సంస్కృతం; శ్రోతలలో అధికులు ఆ భాష ఎరుగని వారు. వారికి భావం అందాలంటే ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి, కంఠంలో రసం పలకాలి. ఘంటసాల గానంలోని ఈ రెండు గుణాలకూ మూలం భజన గోష్ఠులలోనే ఉన్నదని భావించవచ్చు.

పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి మరణించడంతో ఆ సాధనకు ఆటంకం ఏర్పడింది. కుమారుడు సంగీత విద్వాంసుడు కావాలన్నది తండ్రి చివరి కోరిక. మేనమామ కుటుంబ పోషణ భారం స్వీకరించినా, సంగీత విద్యకు తగిన వనరులు లేవు. విద్వాంసుల ఇళ్లలో పనులు చేస్తూ నేర్చుకోవాలని చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు చేతి ఉంగరం అమ్మి విజయనగరం చేరుకున్నారు. అప్పటికి అక్కడి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ఇంటింటా మధూకరం ఎత్తి ఆకలి తీర్చుకున్న ఆ విద్యార్థిని పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి, ప్రతిఫలం ఆశించక విద్య గరపారు. తండ్రి నాటిన బీజానికి శాస్త్రబలం చేకూరినది అక్కడే.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగార శిక్ష అనుభవించారు. అనంతరం సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, 'స్వర్గసీమ' (1945)తో నేపథ్య గాయకునిగా పరిచయమయ్యారు. 'పాతాళభైరవి' (1951) వంటి చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు.

అయితే ఆయన విశిష్ట సేవ పద్యానికి సంబంధించినదే. రంగస్థలంపై పద్యం సుదీర్ఘ రాగాలాపనతో సాగేది. కొన్ని సందర్భాలలో పద్యం కన్నా రాగానికే చప్పట్లు దక్కేవి. ఘంటసాల ఆలాపనను తగ్గించి, పదాలను భావానుగుణంగా విరిచి, పద్యం అక్షరాస్యులకూ నిరక్షరాస్యులకూ సమానంగా అర్థమయ్యేటట్లు గానం చేశారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' ఆయన కంఠం ద్వారానే ఇంటింటికీ చేరింది. జీవిత చరమాంకంలో రికార్డు చేసిన భగవద్గీతలోనూ సంస్కృత శ్లోకం సామాన్య శ్రోతకు చేరువయింది.

బాల్యంలో పరిచయమైన నృత్య గేయ సంప్రదాయాన్ని కూడా ఆయన విస్మరించలేదు. 'రహస్యం' (1967) చిత్రంలో మల్లాది రామకృష్ణశాస్త్రి రచించిన 'గిరిజా కల్యాణం' యక్షగానానికి కూచిపూడి పద్ధతిలో సంగీతం సమకూర్చారు. చిత్రం ఆశించిన విజయం సాధించకపోయినా, ఆ యక్షగానం నేటికీ నృత్య వేదికలపై వినిపిస్తున్నది.

కేంద్ర ప్రభుత్వం 1970లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించిన ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరు పెట్టారు.