వి.వి.గిరి

వి.వి.గిరిగా ప్రసిద్ధుడైన వరాహగిరి వెంకటగిరి (ఆగష్టు 10, 1894 - జూన్ 24, 1980) భారతదేశ నాలుగవ రాష్ట్రపతి, కార్మిక నాయకుడు. రాజకీయ పదవులు చేపట్టడానికి ముందే రైల్వే కార్మిక సంఘాల నిర్మాతగా పేరు పొందాడు. జీతాలు, పనిగంటలకు సంబంధించిన వివాదాలు ప్రభుత్వం విధించే తీర్పుల ద్వారా కాక, యజమానులు, కార్మిక సంఘాల మధ్య చర్చల ద్వారా పరిష్కారం కావాలని ఈయన నమ్మాడు. ఈ సిద్ధాంతానికే గిరి విధానము అని పేరు వచ్చింది. 1975లో భారతరత్న పురస్కారం పొందాడు.

బాల్యము, విద్య

గిరి బరంపురంలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఆనాడు ఆ పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సాలో చేరింది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. తల్లి సుభద్రమ్మ. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండు వెళ్ళి డబ్లిన్‌లో చేరాడు. అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధాలు ఏర్పడటం వలన 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరిగి వచ్చిన తరువాత కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉండి, సహాయ నిరాకరణోద్యమ కాలంలో దానిని విడిచిపెట్టాడు.

రైల్వే కార్మికోద్యమము

బెంగాల్ నాగపూర్ రైల్వే కలకత్తా నుండి ఒకవైపు నాగపూరు వరకు, మరొకవైపు బరంపురం మీదుగా వాల్తేరు వరకు విస్తరించి ఉండేది. దీని ప్రధాన కర్మాగారం ఉన్న ఖరగ్‌పూర్‌లో తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. గిరి ఈ రైల్వే కార్మికులను సంఘటితపరచాడు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఈయన ఒకడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు (ఎ.ఐ.టి.యు.సి) అధ్యక్షుడయ్యాడు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు ప్రతినిధిగా వెళ్ళాడు.

1920వ దశకం చివరలో యాజమాన్యం ఖరగ్‌పూర్‌లో కార్మికులను పని నుండి తొలగించినపుడు గిరి నాయకత్వంలో అహింసాయుతంగా సమ్మె జరిగింది. తొలగించిన కార్మికుల హక్కుల గురించి యాజమాన్యం, ప్రభుత్వం సంఘంతో చర్చించక తప్పలేదు. వేలాది మంది ఒకేచోట పనిచేసే కర్మాగారంలో సంఘానికి ఉండే బలాన్ని ఈ సమ్మె చూపింది.

ఆనాటి రైల్వేలలో పనిగంటలు చాలా ఎక్కువ. 1930లో చేసిన చట్ట సవరణ ప్రకారం నిరంతరాయంగా పనిచేసే సిబ్బందికి వారానికి 60 గంటలు, మధ్యమధ్య విరామం దొరికే సిబ్బందికి 84 గంటలు పరిమితి. రైళ్ళు నడిపే సిబ్బందికి ఈ రక్షణ కూడా లభించలేదు. 1947 నాటి రాజాధ్యక్ష తీర్పుతో ఈ పరిమితులు 54, 75 గంటలకు తగ్గాయి.

మంత్రిగా

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజగోపాలాచారి మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టాడు. 1942లో రెండవసారి ఎ.ఐ.టి.యు.సి అధ్యక్షుడయ్యాడు. 1946లో ప్రకాశం మంత్రివర్గంలోనూ పనిచేసాడు. 1947 నుండి 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరుగా ఉన్నాడు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. ఆ సంవత్సరం నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో తన విధానాన్ని వివరించాడు. నిర్బంధ తీర్పుల వలన కార్మిక సంఘాలు బలహీనపడతాయని ఈయన వాదన. ప్రభుత్వంలోని ఇతర శాఖలు దీనిని అంగీకరించలేదు. 1953లో ఈయన మంత్రిగా ఉన్నపుడే పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, తొలగించే కార్మికునికి ఒక నెల నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలని నిర్ణయించారు. ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేసిన విషయానికే ఇది చట్టరూపం.

1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై అప్పిలేటు ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. దీనికి నిరసనగా గిరి మంత్రి పదవికి రాజీనామా చేసాడు. తరువాత నియమించిన గజేంద్రగడ్కర్ కమిషను సిఫారసులపై 1955లో చట్టం వచ్చింది.

రాష్ట్రపతిగా

ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1967 నుండి ఉపరాష్ట్రపతిగాను పనిచేసాడు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి నీలం సంజీవరెడ్డిపై గెలిచి రాష్ట్రపతి అయ్యాడు. కాంట్రాక్టు కార్మికుల చట్టం (1970), గ్రాట్యుటీ చట్టం (1972) ఈయన ఆమోదముద్రతో వెలువడ్డాయి. కాంట్రాక్టరు వేతనం చెల్లించని పక్షంలో అసలు యజమానే చెల్లించాలని మొదటి చట్టం నిర్దేశించింది. చమురు క్షేత్రాలలో కాంట్రాక్టర్ల ద్వారా పనిచేసే డ్రైవర్ల వంటి వారికి ఇది ముఖ్యమైన రక్షణ.

ఈయన పదవీకాలం చివరలో, 1974 మే నెలలో, దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దానికి నాయకత్వం వహించిన వాటిలో ఈయన స్థాపించడానికి తోడ్పడిన సమాఖ్యే ప్రధానమైనది. ప్రభుత్వం వేలాది కార్మికులను అరెస్టు చేసి, దాదాపు 20 రోజులలో సమ్మెను అణచివేసింది. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాపై నడుచుకోవలసిన పదవి కావడం వలన ఆ కార్మికోద్యమ నిర్మాత చేతిలో నిర్ణయాధికారం లేదు.

లారీ కార్మికులు, గిరి విధానము

ఒకే కర్మాగారంలో కలిసి పనిచేసేవారికి సంఘం పెట్టుకోవడం సులభం. రహదారులపై చెల్లాచెదురుగా తిరిగే లారీ డ్రైవర్లకు అది కష్టం. అందుచేత వారి విషయంలో చర్చల కంటే చట్టమే ముందు వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టపు పట్టికలో మోటారు రవాణా చేరింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని, వారానికొక సెలవును నిర్ణయించింది. కాని అది ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది.

ఉదాహరణకు, నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో కృష్ణపట్నం రేవు రహదారి ఆత్మకూరు మీదుగా సాగుతుంది. ఉదయగిరి ఆ పై మెట్టప్రాంతంలో ఉంది. ఇటువంటి చోట్ల ఒకటి రెండు లారీలున్న యజమాని వద్ద పనిచేసే డ్రైవరు, క్లీనరు ఆ చట్టం పరిధిలోకి వచ్చేవారు కారు. 2019, 2020లలో ఆమోదించి 2025 నవంబరులో అమలుపరచిన కార్మిక స్మృతులలో ఈ చట్టాలు విలీనమైనాయి. మోటారు రవాణా సంస్థలకు పరిమితి పది మంది కార్మికులకు పెరిగింది.

మరణము, జ్ఞాపకాలు

1980 జూన్ 24న గిరి మద్రాసులో మరణించాడు. భారత పారిశ్రామిక సంబంధాలు, కార్మిక సమస్యలపై పుస్తకాలు రచించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఈయన పేరు పెట్టారు.