కార్మిక మంత్రి గిరిగారు

ప్రవాసాంధ్రుల చరిత్రలో బరంపురానికి ఒక ప్రత్యేక స్థానమున్నది. మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన ఆ పట్టణము 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా అందులో చేరినది. ఇల్లు కదలకుండానే అక్కడి తెలుగువారు ప్రవాసులైనారు. ఆ ఊరిలోనే 1894 ఆగస్టు 10వ తేదీన వరాహగిరి వెంకటగిరిగారు జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. రాష్ట్రపతిగా గిరిగారిని ఎరుగనివారు లేరు. కార్మిక మంత్రిగా వారు నడచిన త్రోవను ఈ ఉగాదినాడు పాఠకమహాశయులకు జ్ఞప్తి చేయుట యుక్తమని మాకు తోచినది.

న్యాయశాస్త్రము చదువుటకు 1913లో డబ్లిను వెళ్లిన గిరిగారు ఐర్లండు స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము పెట్టుకొన్నందున 1916లో ఆ దేశము విడిచి రావలసివచ్చినది. తరువాత వారి దృష్టి రైల్వే కార్మికులమీద నిలిచినది. వాల్తేరునుండి కలకత్తావైపు సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో తెలుగువారెందరో పనిచేసేవారు. పనివారి తొలగింపునకు వ్యతిరేకముగా 1928లో అందు జరిగిన సమ్మెను గిరిగారు అహింసామార్గమున నడిపారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు 1926లోను, 1942లోను అధ్యక్షులైనారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. సమ్మెలు నడిపిన చేతికే సమ్మెలు తీర్చే పని వచ్చినది. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేసినది. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున కార్మికశాఖ మరల వారిదైనది.

యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి తీర్చుకొన్న తగవే నిజముగా తీరిన తగవని వారి నమ్మకము. ప్రభుత్వము బలవంతముగా ట్రిబ్యునలుకు పంపినచో ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు, పగమాత్రము మిగులును. 1952లో నెహ్రూగారి మంత్రివర్గమున కేంద్ర కార్మిక మంత్రియై వారు ఈ పద్ధతినే దేశమంతటికి బోధించారు. అందరూ సమ్మతింపలేదు.

పరీక్ష 1954లో వచ్చినది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యములపై వచ్చిన ట్రిబ్యునలు తీర్పును కేంద్రప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించినది. ట్రిబ్యునళ్లపై గిరిగారికి మక్కువ లేదు. అయినను, తగవును మధ్యవర్తి చేతిలో పెట్టిన ప్రభుత్వమే తీర్పు వచ్చిన పిమ్మట దానిని మార్చినచో కార్మికుడు ఇక ఎవరిని నమ్మును? గిరిగారు పదవి వదలుకొన్నారు. అనంతరము ఆ విషయమై విచారణసంఘము ఏర్పడినది. దాని సిఫారసులపై 1955లో చట్టము వచ్చినది.

తరువాత గిరిగారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969నుండి 1974వరకు రాష్ట్రపతిగాను ఉన్నారు. 1975లో భారతరత్న బిరుదము పొంది, 1980 జూనులో మద్రాసున కీర్తిశేషులైనారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు నేడు వారి పేరే ఉన్నది.

పదవులెక్కినవారు మన జాతిలో పెక్కుమంది. కార్మికునికిచ్చిన మాట చెడరాదని పదవి దిగినవారు అరుదు. వారు అధిష్ఠించిన రాష్ట్రపతి పీఠముకంటె, 1954లో ఖాళీచేసిన ఆ కుర్చీయే మా కంటికి ఎత్తుగా కనిపించుచున్నది.